ఎవరి తాళం వారే తీయాలి

జూన్ పదకొండు, మంగళవారం.

గౌరవనీయులైన చీఫ్ ఇంజనీరు గారి సముఖానికి,

పవర్‌హౌస్ కాలనీ ఆఖరి వరసలో ఉండే ముసలమ్మ నమస్కరించి రాయిస్తున్నది ఏమనగా: మీరు, మీ ఇల్లాలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము కులాసాగా లేము. ఎందుకు లేమో మీకు తెలుసు.

ఫిర్యాదు చేసుకునేవాళ్ళు ముందు పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు ఉంటారో చెప్పుకోవాలట. పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి నాకూ ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా వెళ్ళిపోయారు. కాలనీలో నన్ను సైరనమ్మ అంటారు. షిఫ్టు సైరను మోగకపోయినా నా గొంతు వింటే జనం డ్యూటీకి బయలుదేరతారని ఎవడో వెటకారానికి పెట్టిన పేరు. పెట్టినవాడు రిటైరైపోయాడు, పేరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వయసు ఎనభై దాటింది. ఇంట్లో నేను, నా కొడుకు, నా కోడలు ఉంటాం. కొడుకు బడిలో లెక్కల మాస్టారుగా చేసి మానుకున్నాడు. ఎవరైనా గొంతు పెంచితే మేడెక్కి మొక్కలకు నీళ్ళు పోసే రకం. ఈ నెల మా మొక్కలు కుళ్ళిపోతున్నాయి. కోడలు మీ పవర్‌హౌస్‌లో సూపరింటెండింగ్ ఇంజనీరు. నెలాఖరుకు రిటైరు కావలసిన మనిషి. మీరు సస్పెండు చేసి ఇంట్లో కూర్చోబెట్టిన మనిషి.

నాకు అక్షరం ముక్క రాదు. ఇది రాస్తున్నవాడు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే పెయింటరు, నడివయసు దాటినవాడు. మా కిటికీలకు రంగు వేయమని ఎవరూ పిలవలేదు. ఈమధ్య తనంతట తనే వచ్చి వేసిపెడుతున్నాడు. బోర్డులు రాసే చేయి కనుక డబ్బా దింపించి కలం పట్టించాను. కొడుకు చేత రాయిస్తే నేను కోపమన్న చోట బాధ అని రాస్తాడు. కోడలికి తెలిస్తే ఈ ఉత్తరం పోస్టు డబ్బా దాకా పోనివ్వదు. పెయింటరుకు ముందే చెప్పాను, నేనన్న మాట అన్నట్టే పడాలి, నీ సొంత తెలివి రంగులు కలపడానికి వాడుకో అని.

మీరు, గారు అనడం ఇక్కడితో సరి. నావల్ల కాదు. ట్రైనింగుకు వచ్చి మా ముందు గదిలో పరుపుచుట్ట విప్పిననాడు నిన్ను నువ్వనే అన్నాను. అప్పుడు నీ పేరు టార్చిలైటు. కొండ లోపల గుహలాంటి పవర్‌హౌస్‌లోకి దిగాలంటే నీకు భయం. పట్టపగల్లాంటి దీపాలున్నా చేతిలో టార్చి ఉండాల్సిందే. అందరూ నవ్వితే, నవ్వకండి, భయమున్నవాడే చూసి అడుగేస్తాడు అన్నది నా కోడలు. నువ్వు విన్నావు. గుర్తు లేకపోతే గుర్తు చేద్దామనే ఇది రాయిస్తున్నాను.

ముందు నా కోడలి సంగతి. ఆమె నీ ఫైల్లో నాలుగు వాక్యాలట. నేను చెబితే నాలుగు వాక్యాల్లో తెమలదు.

ఆమె ఇక్కడికి వచ్చిననాటికి ఆ కొండలోకి ఉద్యోగానికి దిగిన ఆడది లేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు, ఈమె అత్త ఉన్న కోడలు. నేను ఊరికే ఉన్నానా? చంటిపిల్లను నా ఒళ్ళో వేసి షిఫ్టుకు పోతుంటే గడప దగ్గర నిలబడి కాలనీ అంతా వినేలా సాధించాను. ఆమె బూట్లు కట్టుకుంటూ వినేది. కట్టుకోవడం అయ్యాక, వస్తాను అత్తయ్యా, పాలు కాచి పెట్టాను అని వెళ్ళిపోయేది. నేను సాధించినందుకు ఇప్పుడు చింతించను. చంటిపిల్లకు తల్లి కావాలి, యంత్రానికీ ఆమే కావాలి, మధ్యలో నలిగింది నేను. కానీ ఇంకెవడైనా ఆమెను ఒక్క మాట అంటే అది వేరే లెక్క.

అన్నారు కూడా. ఆడమనిషి దిగితే యంత్రం మొరాయిస్తుందన్నారు. లోపల ఆడవాళ్ళకు పాయిఖానా లేదు. అవసరమైతే ఆమె సొరంగం పొడుగునా నడిచి బయటికి వచ్చి, మళ్ళీ నడిచి లోపలికి పోవాలి. కొన్నాళ్ళకు ఆమె డ్యూటీలో నీళ్ళు తాగడమే మానేసి జబ్బు తెచ్చుకుంది. ఆ సంగతి డాక్టరు చెబితే నాకు తెలిసింది. మర్నాడే అప్పటి పెద్దాఫీసరు గదికి వెళ్ళాను. గుమాస్తా ఆపబోయాడు. నదినంతా పట్టి గొట్టంలో పోయించారు కదా, ఒక ఆడదానికి గోడా తలుపూ కట్టించలేరా అని అడిగాను. ఆ నెలలోనే కట్టించారు. ఇప్పుడు నీ ఆఫీసులో పనిచేసే ఆడపిల్లలు అది ఎప్పటినుంచో ఉన్నదనుకుంటారు.

పనిలో ఆమె ఎలాంటిదో నేను లోపలికి పోయి చూసింది లేదు. ఇంట్లో చూసింది చెబుతాను. యంత్రాలు నడుస్తుంటే మా వంటింటి అలమరలో గిన్నెల మూతలు సన్నగా చప్పుడు చేస్తాయి. కొత్తవాళ్ళకు వినబడదు. ఆమె అన్నం కలుపుకుంటూ ఎడమ చేయి గోడకు ఆనించి, మూడోది బరువెక్కింది అనేది. ఫోను చేస్తే నిజమే అయ్యేది. ఒక వానాకాలం లోపలి గుంటలో నీరు పొంగితే మోకాలి లోతులో నిలబడి, పంపు మోటారు పట్టుకునేదాకా కదల్లేదట. మూతలు ఆగిపోతే నిద్రలో కూడా లేచి కూర్చునేది. పెళ్ళయిన కొత్తలో నా కొడుకు గురక పెడితే లేవని మనిషి, చప్పుడు ఆగితే లేచేది. ముప్పై ఏళ్ళకు పైగా మా ఇల్లు ఆ మూతల మీదే బతికింది. ఇప్పుడు ఆమె పగలంతా ఆ అలమరకు వీపు చేసి కూర్చుంటోంది. అది చూడలేకే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇక తాళం సంగతి. నీకు నేను చెప్పడమేమిటి అనుకుంటావు. విచారణ చేసేవాళ్ళలో ఆ కొండ మొహం చూడనివాళ్ళు ఉన్నారట, వాళ్ళకూ అర్థం కావాలి.

పైన కట్టిన నీళ్ళు పెద్ద గొట్టంలో పడి కిందికి వస్తాయి. కింద ఒక ఇనుప తలుపు, దాన్ని వాల్వు అంటారు. ఆ తలుపుకు ఇవతల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం, దాని నడుమ చక్రం. చక్రానికి మరమ్మతు వస్తే ఇనుప తలుపు మూసి, నత్తగుల్లకున్న చిన్న మూత తీసి, మనుషులు పాక్కుంటూ లోపలికి పోతారు. అంటే తలుపుకు అవతల నది, ఇవతల మనిషి. ఎవడైనా పొరపాటున తలుపు తెరిస్తే లోపలివాడి గతేమిటో చెప్పనక్కర్లేదు. అందుకని తలుపు తిప్పే పిడికి చిల్లుల పట్టీ ఒకటి బిగించారు. లోపలికి పోయే ప్రతివాడూ తన సొంత తాళం అందులో వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని పోవాలి. బయటికి వచ్చి తన చేత్తో తానే తీసుకోవాలి. ఒక్క తాళం ఉన్నా ఆ తలుపు తెరుచుకోదు. ఎవరి తాళం వారే తీయాలి. కలెక్టరు వచ్చినా, కన్నతండ్రి వచ్చినా ఇంకొకడు ముట్టుకోకూడదు. ఇదీ వాళ్ళ కట్టుబాటు. నాకు అర్థమైన కట్టుబాటు నీకు అర్థం కాకుండా పోయిందా?

అర్థమైంది నాయనా, ఒకప్పుడు అయింది. నువ్వొచ్చిన ఏడే నువ్వు చేసిన నిర్వాకం చెబుతాను. లోపల పని చూసి బయటికి వచ్చావు, తాళం తీయడం మరిచావు, తాళంచెవి జేబులో వేసుకుని టౌనుకు సినిమాకు పోయావు. ఇక్కడ మరమ్మతు అయిపోయింది, కరెంటు కోసం పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పట్టీకి ఒకే ఒక తాళం, దాని మీద నీ పేరు. నువ్వు టికెట్టు కొనుక్కుంటుంటే చూశానని ఒకడు చెప్పాడు కూడా. లోపల లేవని అందరికీ తెలుసు. కోసెయ్యమన్నారు. ఆమె కొయ్యనివ్వలేదు. జీపు పంపి, హాల్లో నీ పేరు కేక వేయించి, నిన్ను తెప్పించింది. అంతసేపూ యంత్రం ఆగే ఉంది. దానికి ఆమెకు మెమో ఇచ్చారు, ఆ ఏడు రావలసిన ప్రమోషను రాలేదు.

ఆ సాయంత్రం నువ్వు మా ఇంట్లో పీట మీద కూర్చున్నావు. కంచంలో అన్నం పెట్టాను, ముట్టుకోలేదు. తిట్టు పెద్దమ్మా, ఆమె తిట్టలేదు, నువ్వైనా తిట్టు అన్నావు. తిట్టాను. నా తిట్లు అయ్యాక నువ్వన్న మాట ఈనాటికీ నా చెవిలో ఉంది:

“ఇవాళ నా తాళం కోసుంటే పెద్దమ్మా, నేను ఇక జన్మలో ఆ గొట్టంలోకి దిగేవాణ్ణి కాదు. దిగినా వెనక్కి చూస్తూనే దిగేవాణ్ణి.”

ఆ మర్నాటి నుంచి నువ్వు టార్చి లేకుండా దిగావు. అవునా కాదా? ఆమె నీ భయం పోగొట్టింది తాళంతోనే. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళను చూశాను గానీ, తెప్ప వేసినవాళ్ళను తగలేసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను.

ఇప్పుడు మొన్నటి సంగతి. పాత యంత్రానికి కొత్త చక్రం బిగించారు. మీట నొక్కడానికి పెద్దమనిషిని పిలిచారు. పైన హాల్లో కుర్చీలు, మైకులు, రిబ్బను. కింద నత్తగుల్ల లోపల పెయింటర్లు రంగు పని ముగించి బయటికి వచ్చేశారని కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. కాంట్రాక్టు మనుషులకు సొంత తాళాలు ఇవ్వనక్కర్లేదని నీ ఆఫీసు నుంచే ఉత్తర్వు వచ్చింది, వాళ్ళు వచ్చేపోయేవాళ్ళు, తాళాలు పోగొడతారని. అందుకని వాళ్ళందరి తరఫున మన పవర్‌హౌస్ ఫిట్టరు తన తాళం వేశాడు. పెయింటర్లు అందరూ వచ్చారో లేదో తన కళ్ళతో చూసుకున్నాకే తీస్తానన్నాడు. ఈలోపు వేదిక మీద ఫ్యాను తిరగడం లేదని నీ మనుషులే అతణ్ణి రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయారు. తాళంచెవి అతని జేబులో. నది ఆపే తాళం వదిలించి, పెద్దమనిషి చెమట ఆపే పనికి పెట్టారు. ఇది ఎవరి తప్పని నీ విచారణలో అడిగారా?

మీట నొక్కే వేళకు నా కోడలు కింద వాల్వు దగ్గర ఉంది. పట్టీకి తాళం చూసింది. ఫిట్టరును పిలిపించమంది. జనంలో అతను దొరకలేదు. నువ్వు పైనుంచి ఫోను చేసి కోసెయ్యమన్నావు. కొయ్యనంది. లోపల ఎవరూ లేరని కాంట్రాక్టరు చెప్పాడు కదా అన్నావు. చెప్పినవాడు తాళం వేయలేదు అంది. పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు, రిబ్బను కత్తిరించకుండానే లేచిపోయాడు. ఆ తర్వాత ఫిట్టరు వచ్చాడు, పెయింటర్లందరినీ లెక్క చూసుకుని తన తాళం తాను తీశాడు, యంత్రం తిరిగింది. ఇవాళ్టికీ సలక్షణంగా తిరుగుతోంది.

లోపల ఎవరూ లేరు. అది నేనూ ఒప్పుకుంటాను. నీ వాదమంతా దాని మీదే ఉంది కనుక దాచను. ఎవరూ లేని గొట్టం కోసం ఇంత అప్రతిష్ఠ తెచ్చిపెట్టింది అని రాశావట.

ఇక్కడ పెయింటరు కలం ఆపాడు. ఇంకు అయిపోయిందా అంటే లేదన్నాడు. నీ మీద కాదురా నా కోపం, రాయి అన్నాను.

ఎవరూ లేరు సరే. నువ్వు సినిమాకు పోయిననాడు మాత్రం ఎవరున్నారు? ఆనాడు లేనివాడివి నువ్వే కదా. తాళం ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ ఒక్క నమ్మకం మీదే అంతమంది ఆ గుల్లలోకి దూరుతున్నారు. లేడని తెలిసి ఒకసారి కోస్తారు. లేడనుకుని ఇంకోసారి కోస్తారు. మూడోసారి ఎవడి కొంపో ఆరిపోతుంది. చదువులేనిదాన్ని నేను ఈపాటి ఊహిస్తుంటే, నీ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు తోచలేదా, తోచినా నీళ్ళు నమిలారా?

ఇక నువ్వు పంపిన కాగితం. కొడుకు చదివి వినిపించాడు. తాళం అనవసరంగా ఉంచి కార్యక్రమానికి భంగం కలిగించినందుకు చింతిస్తున్నాను, ఇలాంటి సందర్భాల్లో డ్యూటీ అధికారి తాళం తొలగించవచ్చునని ఒప్పుకుంటున్నాను అని ఉంది. దాని కింద సంతకం పెడితే సస్పెన్షను ఎత్తేసి, గౌరవంగా శాలువా కప్పి పంపిస్తారట. పెట్టకపోతే ఉద్యోగం నుంచి తీసేసి పంపుతారట. శుక్రవారం లోపు తేల్చమన్నావు.

కొడుకు పెట్టేయమన్నాడు. ఇన్నేళ్ళు చేశావు, ఆఖర్న ఒక్క సంతకం, ఎవరు చూడొచ్చారు అన్నాడు. ఆమె అతని మొహం చూసి లేచి వెళ్ళిపోయింది. అతను మేడెక్కాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఆలోచించాను. ఆమెది సంతకమే కదా పోయేది అనుకున్నాను ముందు. కాదు. ఆమె సంతకం కింద మీరు కొత్త కట్టుబాటు రాస్తారు. అన్నేళ్ళు తాళం కాపాడిన మనిషే ఇది కొయ్యొచ్చని ఒప్పుకుందని గోడకు అంటిస్తారు. రేపు ఆ తాళాన్ని నమ్మి లోపలికి పోయేవాడికి అందులో ఒక్క మాట కూడా తెలియదు. శాలువా ఆమెకు, చావు ఎవడికో.

ఆమె సంతకం పెట్టదు. నోరు తెరిచి చెప్పలేదు గానీ నాకు తెలుసు, బూట్లు కట్టుకునేటప్పుడు ఉండే మొహమే ఇప్పుడూ ఉంది. ఆమె పోట్లాడదు కూడా. పోట్లాట ఆమెకు చేతకాదు, ఆ పని మా ఇంట్లో మొదటినుంచీ నాది. కాబట్టి ఇది ఆమె మాట కాదు, నా మాట. విను.

ఆ కాగితం వెనక్కి తీసుకో. తాళంచెవి పట్టుకుపోయాడని ఫిట్టరు మీద పెట్టిన కేసూ తీసెయ్. కాంట్రాక్టు మనుషులకు తలా ఒక తాళం ఇప్పించు. వాళ్ళ ప్రాణాలేమన్నా వచ్చేపోయేవా? శుక్రవారం లోపు ఇది జరక్కపోతే శనివారం పొద్దున నేను నీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను. నీకు అన్నం పెట్టిన కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఎవరేమిటని అడిగితే వివరంగా చెబుతాను. సైరను ఆపడానికి మీట ఉంటుంది, నాకు లేదు.

ఇట్లు,
పవర్‌హౌస్ కాలనీ సైరనమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షి: తాళం నాదే. తీయవలసింది నేనే, తీసింది నేనే. — ఫిట్టరు

తా.క.

ముద్ర వేశాను, డ్యూటీ దిగి పోతున్న ఫిట్టరును గుమ్మంలో ఆపి సంతకం పెట్టించాను, అతను వెళ్ళిపోయాడు. కవరు అంటించి ఇవ్వమంటే పెయింటరు కదలలేదు. కాగితం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కూలి గురించి అనుకుని, ఇస్తానులే, ఏడవకు అన్నాను. అప్పుడు అన్నాడు:

“మామ్మా, లోపల ఎవరూ లేరని మీరు చెప్పినట్టే రాశాను. అది అబద్ధం. లోపల నేనున్నాను.”

కవరు పక్కన పెట్టి, మళ్ళీ చెప్పమన్నాను. తర్వాత అతను చెప్పింది చెప్పినట్టు అతని చేతే రాయిస్తున్నాను.

అందరూ బయటికి వచ్చాక, నిచ్చెనలు లాగినప్పుడు ఒకచోట రంగు గీసుకుపోయిందని అతనికి గుర్తొచ్చిందట. పెద్దమనిషి వచ్చే రోజున మాట పడటమెందుకని చిన్న డబ్బా, కుంచె పట్టుకుని మళ్ళీ లోపలికి పాకాడు. ఎవరికీ చెప్పలేదు. పట్టీకి తాళం ఉండటం చూశాడు, అది చాలనుకున్నాడు. కాంట్రాక్టరు మనిషి లోపలికి తొంగి చూడకుండానే మూత పెట్టి నట్లు బిగించేశాడు. చీకటి. అరిచాడు, డబ్బాతో ఇనుము బాదాడు. పైన మైకుల హోరు, ఎవరు వింటారు? నీళ్ళొచ్చేస్తాయని కళ్ళు మూసుకుని కూర్చున్నాడట. చాలాసేపటికి పానా చప్పుడు వినిపించిందట. మూత సందులోంచి ముందు ఒక చేయి వచ్చింది, దాని వెనక వెలుగు. నా కోడలు. పైన మీరంతా ఆమెను తిడుతున్నంతసేపూ ఆమె ఒక్కతే ఆ నట్లు విప్పుతోంది. అతణ్ణి లాగి, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. లేరంటే నమ్మక, పట్టీకి తన తాళమూ వేసి, తానే లోపలికి దూరి మూలమూలా చూసి వచ్చి, తన తాళం తీసుకుంది. పక్క సొరంగంలోంచి బయటికి పో, మొహం కడుక్కో, ఎవరితోనూ అనకు అంది. మళ్ళీ మూత తన చేత్తోనే బిగించింది. ఫిట్టరు ఆ తర్వాతే వచ్చాడు, అతనికీ చెప్పలేదు.

అందుకే అతను అడక్కుండా వచ్చి మా కిటికీలకు రంగు వేస్తున్నాడు. రుణం తీరక. నేను ఇన్నాళ్ళూ కూలి బేరం ఆడుతున్నాను.

కోడలు పెరట్లో బట్టలు తీస్తోంది. రెక్క పట్టుకుని లోపలికి తెచ్చాను. పెయింటరును చూసింది, కాగితం చూసింది, అర్థమైంది. ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నావేమే, ఈ ఒక్క మాటతో ఆ టార్చిలైటుగాడి మొహం మాడిపోయేది కదా అని అరిచాను. ఆమె బట్టలు మంచం మీద పెట్టి, నెమ్మదిగా అంది:

“మనిషి ఉన్నాడు కాబట్టి నేను చేసింది ఒప్పయితే, లేకపోతే తప్పయ్యేదా అత్తయ్యా? ఇతను ఉన్నాడని చెప్పి నేను గెలిస్తే, రేపట్నుంచి తాళం చూడరు, లోపల ఎవడున్నాడో రుజువు చెయ్యమంటారు. ఉన్నాడని తెలిసి ఆపలేదు నేను. తాళం ఉందని ఆపాను. అంతే చెబుతాను.”

ఇంకొకటీ అంది. చెబితే కాంట్రాక్టరు ముందు ఈ పెయింటరునే తప్పుపట్టి పంపేస్తాడట.

ఉత్తరం చింపెయ్యమంది. చింపితే నువ్వు రాసిన కాగితం ఒక్కటే మిగులుతుంది అన్నాను. నేను ఇంజనీరును కాను, అంత ధర్మం నాకు పట్టదు. పెయింటరును అడిగాను, నీ బతుకు, నువ్వు చెప్పు అని. అతను ఆమె మొహం చూడకుండా కలం తీశాడు. ఆమె బట్టలు మడవడానికి కూర్చుంది. వద్దని మళ్ళీ అనలేదు.

కాబట్టి టార్చిలైటూ, ఇది నీ ఫైల్లో పెట్టకు. నీ విచారణకు ఇది సాక్ష్యం కాదు. సాక్ష్యంగా ఇవ్వనని ఆమె అంది, నేనూ ఇవ్వను. పైన రాయించిన నా వాదం పైన ఉన్నట్టే ఉంది, ఎవరూ లేరనుకునే చదువు, లేరనుకునే తీర్పు చెప్పు. ఇది మాత్రం నీ కడుపులో పెట్టుకో. నువ్వు ఫోనులో కోసెయ్యమన్నప్పుడు ఒక చేయి చీకట్లో డబ్బా పట్టుకుని ఇనుము బాదుతోంది. నువ్వు ఇప్పుడు చదువుతున్న అక్షరాలు ఆ చేయి రాసినవే. బాగా చూడు, కుదురైన అక్షరాలు.

ఇతని పని పోయిందని నా చెవిన పడిందా, శనివారం దాకా ఆగను.

సైరనమ్మ
మళ్ళీ అదే బొటనవేలు

రాసినవాడు, సాక్షి: లోపల ఉన్నది నేనే. — పెయింటరు